పెట్రోలు జీపుకు గ్యాసు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో అనుభవించినవారికి వేరే చెప్పనక్కరలేదు. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు రోడ్డు మీద మనిషి కనిపించడు. అటువంటి వేళ ఒకనాడు మా బంధువుల జీపులో జగ్గయ్యపేట నుండి నందిగామకు వస్తున్నాము. అది నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పాత పెట్రోలు జీపు. పెట్రోలు ఖర్చు భరించలేక అంతకు కొద్ది నెలల క్రితమే దానికి గ్యాసు అమర్చారు. సగం దారిలో ఇంజను రెండుమూడుసార్లు దగ్గి ఆగిపోయింది.

"ఎండకు గ్యాసు వేడెక్కిందండీ. కాసేపు నీడన నిలిపితే సర్దుకొంటుంది" అన్నాడు డ్రైవరు.

బోనెట్ ఎత్తి చూశాము. ఇంజను పక్కన బిగించిన చెంబంత లోహపు పెట్టె మీద తెల్లగా మంచు పేరుకొని ఉన్నది! బయట ఎండ నలభై డిగ్రీలు దాటి ఉన్నది. ఇంజను ముట్టుకొంటే చెయ్యి కాలుతున్నది. ఆ రెంటి నడుమ ఈ మంచు ఎక్కడిది?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, పెట్రోలు బండి గ్యాసుతో ఎట్లా నడుస్తుందో, ఎక్కడ చెడుతుందో, ఎప్పుడు ప్రమాదం తెస్తుందో చాలావరకు తెలిసినట్లే.

ఏమిటీ గ్యాసు?

మనం ఎల్.పి.జి. అని పిలిచేది ప్రొపేన్, బ్యూటేన్ అనే రెండు వాయువుల మిశ్రమం. రెండూ కర్బనం, ఉదజని మాత్రమే కలిగిన పదార్థాలు. ప్రొపేన్ అణువులో మూడు కర్బన పరమాణువులు, ఎనిమిది ఉదజని పరమాణువులు ఉంటాయి. బ్యూటేన్‌లో నాలుగు, పది. పెట్రోలులో ఉండేవి కూడా ఈ కుటుంబంలోని పదార్థాలే. అయితే వాటి అణువులు పెద్దవి. అందుచేతనే పెట్రోలు మామూలు వేడిమిలో ద్రవంగా ఉంటుంది, ఇవి వాయువులుగా ఉంటాయి.

ప్రొపేన్ సున్నకు 42 డిగ్రీలు దిగువననే మరుగుతుంది. బ్యూటేన్ ఇంచుమించు సున్న డిగ్రీల వద్ద మరుగుతుంది. కాని గట్టి పాత్రలో బంధించి ఒత్తిడి కల్పిస్తే రెండూ ద్రవాలై ఊరుకొంటాయి. 40 డిగ్రీల వేడిమిలో ప్రొపేన్‌ను ద్రవంగా నిలపడానికి వాతావరణ పీడనానికి 13, 14 రెట్లు కావలె. బ్యూటేన్‌కు 4 రెట్లు చాలు. ఇట్లా ఒదిగి ఉన్న ద్రవం ఒక లీటరు బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఒక కుండెడు గ్యాసు ఒక గదిని నింపగలదన్నమాట. ఈ గుణం వల్లనే దానిని బండిలో మోసుకొనిపోవడం సాధ్యమైంది. దానివల్లనే దానికి భయపడవలసిన అవసరమూ కలిగింది.

బండికి గ్యాసు కొత్తది కాదు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కరువు వచ్చినప్పుడు మన దేశంలో ఎన్నో బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సు వెనుక బానవంటి కొలిమి ఉండేది. అందులో కర్రబొగ్గును చాలీచాలని గాలితో మండించి, వచ్చిన వాయువును ఇంజనుకు పంపేవారు. అందులో సగానికి పైగా మండని నత్రజనే కాబట్టి ఇంజను బలం బాగా పడిపోయేది. చిన్న మిట్ట వస్తే ప్రయాణికులు దిగి నడిచేవారని పెద్దలు చెప్పగా వినే ఉంటారు.

అదే యుద్ధంలో పుట్టినది జీపు. విల్లీస్ జీపు ఇంజను 2.2 లీటర్లది. మన దేశంలో మహీంద్రావారు 1947లో జీపుల కూర్పు మొదలుపెట్టారు. 1952లో సమాజాభివృద్ధి పథకం వచ్చిన తరువాత బ్లాకు ఆఫీసు జీపు ఎరుగని పల్లె లేదు. 1985లో మారుతి జిప్సీ వచ్చింది. ఇవి పెట్రోలును ధారాళంగా తాగే బండ్లు. పొలం గట్ల మీద, మునేటి ఇసుకలో, సున్నపురాతి క్వారీల దారులలో ఇవి పోయినట్లు వేరొకటి పోలేదు. కనుక ఖర్చుకు ఓర్చి వాటిని ఉంచుకొన్నవారు నేటికీ ఉన్నారు. వారికి ఎల్.పి.జి. ఆశ చూపింది. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, గ్యాసుకు మార్చుకోవడానికి ప్రభుత్వం దారి తెరిచింది.

ఏమేమి అమరుస్తారు?

ఇంజనును విప్పనక్కరలేదు. పెట్రోలు ఏర్పాటును తీసివేయనూ అక్కరలేదు. దానికి తోడుగా మరొక దారి వేస్తారు.

ముందుగా గట్టి ఉక్కు ట్యాంకు. దాని మూతి వద్ద అనేక పనులు చేసే కవాటం ఒకటి ఉంటుంది. నిండవలసినంత నిండగానే అది మూసుకొంటుంది. గొట్టం తెగి గ్యాసు జోరుగా పారబోతే అడ్డుకొంటుంది. పీడనం హద్దు మీరితే కొంత గ్యాసును బయటికి వదులుతుంది. ఆ మూతి చుట్టూ గ్యాసు చొరని పెట్టె, దాని నుండి బండి అడుగుకు గాలిగొట్టం ఉంటాయి.

ట్యాంకు నుండి సన్నని రాగి గొట్టం ద్రవాన్ని ముందుకు తెస్తుంది. దారిలో కరెంటు ఉన్నంతసేపే తెరచుకొనే సోలెనాయిడ్ వాల్వు ఉంటుంది. ఇంజను ఆగితే అది తనంతట తానే మూసుకోవలె. తరువాత వచ్చేది రెడ్యూసర్ అని మెకానిక్కులు పిలిచే పెట్టె. మేము మంచు చూసినది దాని మీదనే. అక్కడ ద్రవం ఆవిరి అవుతుంది. దాని పీడనం ఇంచుమించు వాతావరణ పీడనానికి దిగుతుంది. ఆ ఆవిరి కార్బురేటరు మూతి దగ్గర బిగించిన మిక్సరులో గాలితో కలిసి ఇంజనులోకి పోతుంది. కార్బురేటరు లేని కొత్త ఇంజన్లకు మిక్సరు బదులు సన్నని ఇంజెక్టర్లు, వాటిని నడిపే చిన్న కంప్యూటరు అమరుస్తారు. డ్రైవరు ముందున్న మీట అటు తిప్పితే పెట్రోలు, ఇటు తిప్పితే గ్యాసు.

మంచు ఎందుకు పట్టింది?

కొత్త కుండలో నీరు చల్లబడేది ఎందుచేత? కుండ పైకి చెమర్చిన నీరు ఆవిరి కావడానికి వేడి కావలె. ఆ వేడిని అది లోపలి నీటి నుండే లాగుకొంటుంది. దీనినే గుప్తోష్ణం అంటారు. రెడ్యూసరులో జరిగేదీ ఇదే. కిలో ఎల్.పి.జి. ఆవిరి కావడానికి 85 నుండి 90 కిలోకెలోరీల వేడి కావలె.

లీటరుకు 8 కిలోమీటర్లు పోయే జీపు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకొందాము. గంటకు 6 లీటర్ల పెట్రోలు ఖర్చు. దానికి బదులు గ్యాసైతే 4 కిలోలకు కొంచెం పైగా కావలె. అంత గ్యాసు ఆవిరి కావడానికి గంటకు దాదాపు 370 కిలోకెలోరీలు పడుతుంది. నాలుగున్నర కిలోల మంచుగడ్డను కరిగించగల వేడి ఇది. ఆ వేడి ఎక్కడి నుండీ అందకపోతే, గంటకు అంత మంచు తయారుచేయగల యంత్రం మన బోనెట్ కింద ఉన్నట్లే.

అదృష్టవశాత్తు ఇంజనులో వేడికి కొదువ లేదు. మండిన ఇంధనపు వేడిలో సుమారు మూడవ వంతు రేడియేటరు నీటితో వృథాగా పోతుంది. మన లెక్క ప్రకారం అది గంటకు పద్నాలుగు, పదిహేనువేల కిలోకెలోరీలు. అందులో నలభయ్యవ వంతు చాలు. అందుచేతనే ఇంజను వేడినీటిని రెండు రబ్బరు గొట్టాలతో రెడ్యూసరు చుట్టూ తిప్పుతారు.

మా జీపులో జరిగినదేమంటే, రెడ్యూసరును రేడియేటరు నీటిమట్టం కంటె పైన బిగించారు. ఎండకు రేడియేటరులో నీరు కాస్త తగ్గగానే పైనున్న గొట్టంలో గాలి చేరింది, వేడినీరు రావడం ఆగింది. గ్యాసు తనకు కావలసిన వేడిని లోహం నుండి లాగుకొన్నది. లోహం చల్లబడి గాలిలోని చెమ్మను మంచుగా పట్టింది. లోపలి రబ్బరు పొర బిగుసుకొన్నది. సగం ఆవిరి, సగం ద్రవం ఇంజనుకు పోయి అది దగ్గింది. ఎండలో ఆగినది వేడికి కాదు, చలికి!

కనుక రెండు నియమాలు. రెడ్యూసరు ఎప్పుడూ రేడియేటరు పై మట్టానికి దిగువన ఉండవలె. బండిని పెట్రోలుతో ప్రారంభించి, నీరు వెచ్చబడిన తరువాతనే గ్యాసుకు మార్చవలె.

బలం తగ్గుతుందా?

తగ్గుతుంది; కాని బొగ్గు గ్యాసు బస్సు వలె కాదు. ఒక పాలు ప్రొపేన్ పూర్తిగా మండడానికి ఐదు పాళ్ల ఆమ్లజని కావలె. గాలిలో ఆమ్లజని అయిదవ వంతే గనుక, దాదాపు 24 పాళ్ల గాలి కావలె. బ్యూటేన్‌కైతే 31 పాళ్లు. అంటే ఇంజను పీల్చే ప్రతి ఊపిరిలో నూటికి మూడు, నాలుగు వంతుల చోటు గ్యాసే ఆక్రమించి, అంతమేరకు గాలిని రానీయదు. పెట్రోలు ఆవిరి ఆక్రమించేది ఇందులో సుమారు సగమే. అంతేకాక పెట్రోలు తుంపరలు లోపలికి పోతూ ఆవిరై గాలిని చల్లబరుస్తాయి. చల్లని గాలి చిక్కగా ఉండి ఎక్కువ పడుతుంది. గ్యాసు ముందే ఆవిరై రావడంతో ఆ మేలు లేదు. ఈ రెండు కారణాల వల్ల మిక్సరు రకం అమరికలో బలం నూటికి 5 నుండి 10 వంతుల దాకా తగ్గడం సహజం.

దీనికి విరుగుడు ఒకటి గ్యాసులోనే ఉన్నది. పెట్రోలు ఒత్తిడికి లోనై సమయానికి ముందే భగ్గుమంటే ఇంజను టకటక కొట్టుకొంటుంది. దానిని ఓర్చే శక్తిని ఆక్టేన్ అంకెతో కొలుస్తారు. మన బంకులలోని మామూలు పెట్రోలుకు లోగడ ఇది 91 ఉండేది. ప్రొపేన్‌కు 110 దాటి ఉంటుంది. ఇంజను సంపీడనం పెంచితే గ్యాసు దానిని సునాయాసంగా భరించి, పోయిన బలాన్ని తిరిగి ఇస్తుంది. యుద్ధకాలపు విల్లీస్ ఇంజను వాయువును ఆరున్నర రెట్లు మాత్రమే నొక్కేది. గ్యాసు సామర్థ్యం దానిలో చాలావరకు వృథాయే. అయితే సంపీడనం పెంచిన ఇంజను మళ్లీ పెట్రోలుతో నడిపినప్పుడు కొట్టుకొనవచ్చు. రెండు ఇంధనాలూ కావాలనుకొన్నవారు దాని జోలికి పోకుండా, నిప్పురవ్వ పడే సమయాన్ని కొద్దిగా ముందుకు జరుపుకొని తృప్తిపడడమే మంచిది.

పాత ఇంజన్లకు మరొక సంగతి. వెనుకటి పెట్రోలులో కలిపే సీసం కవాటాల పీటలకు కందెనవలె పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. గ్యాసులోనూ సీసం లేదు, పైగా అది పొడి ఇంధనం. కనుక కవాటాల పీటలు మెత్తనివైతే త్వరగా అరుగుతాయి. గట్టి లోహపు పీటలు ఉన్నవో లేవో ముందే చూపించుకోవలె. ఇంజను నూనె మాత్రం పెట్రోలుతో పలచబడక ఎక్కువ కాలం శుభ్రంగా ఉంటుంది.

ఎగుడుదిగుడు దారుల బండికి

ఊరిలో తిరిగే కారుకు లేని చిక్కులు కొన్ని జీపుకు ఉన్నాయి. కారుకు వెనుక డిక్కీ ఉంటుంది. ట్యాంకు అందులో ఒదుగుతుంది. పొట్టి జీపులో ఆ చోటు లేదు. విల్లీస్ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. గ్యాసు ట్యాంకును అడుగున వేలాడదీస్తే రాళ్లు తగులుతాయి. వెనుకకు పొడుచుకొని వచ్చేటట్లు పెడితే గట్టు దిగేటప్పుడు నేలకు కొట్టుకొంటుంది. కనుక దానిని రేకుకు కాక చాసిస్ చట్రానికి ఇనుప పట్టీలతో బిగించవలె.

ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు పోయే రెండు కడ్డీలూ జీపు అడుగున తిరుగుతుంటాయి, పొగగొట్టమూ అక్కడే. గ్యాసు గొట్టం వీటికి దూరంగా, చట్రం లోపలి వైపున పోవలె. కుదుపులకు రాగి గొట్టం అలసి చిట్లకుండా మధ్యమధ్య కొక్కేలతో పట్టి ఉంచవలె. రేగడి బురదలో దిగిన తరువాత గాలిగొట్టం మూతి పూడిపోయిందేమో చూడవలె. అది మూసుకొంటే కారిన గ్యాసు బయటికి పోక బండిలోనే చేరుతుంది.

ఎనభై పాళ్ల నియమం

వేడికి వ్యాకోచించడంలో ద్రవరూపంలోని ఈ గ్యాసు నీటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. 60 లీటర్ల ట్యాంకులో 48 లీటర్లు, అంటే నూటికి 80 వంతులు మాత్రమే పోయనిస్తారు. చల్లని ఉదయం 25 డిగ్రీల వద్ద నింపిన బండి మధ్యాహ్నం ఎండలో నిలిచి ట్యాంకు 55 డిగ్రీలకు చేరితే, ఆ 48 లీటర్లు ఇంచుమించు 52 లీటర్లవుతాయి. ఇంకా 8 లీటర్ల చోటు మిగిలి ఉంటుంది గనుక భయం లేదు. అంచుదాకా నింపితే ద్రవానికి పెరిగే చోటు ఉండదు. ప్రతి డిగ్రీకీ పీడనం వాతావరణ పీడనానికి అనేక రెట్లు చొప్పున ఎగబాకుతుంది. ఎండాకాలపు నందిగామలో ఈ ఇరవై పాళ్ల ఖాళీయే మన ప్రాణరక్ష.

వంటింటి సిలిండరు ఎందుకు కూడదు?

ఇంటి సిలిండరును బండికి తగిలిస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. 2000లో వచ్చిన ఎల్.పి.జి. ఉత్తర్వు ప్రకారం అది నేరం. చట్టం మాట అట్లా ఉంచి, శాస్త్రం కూడా వద్దనే చెబుతుంది.

వంటపొయ్యి ఒక్కొక్కటి గంటకు సుమారు 150 గ్రాముల గ్యాసు తీసుకొంటుంది. మన జీపుకు నాలుగు కిలోలకు పైగా కావలె. అంటే పాతిక పొయ్యిలకు మించి ఒక్కసారి వెలిగించినట్లు. నిలబెట్టిన సిలిండరు పైభాగం నుండి ఆవిరి మాత్రమే వస్తుంది. అంత జోరుగా ఆవిరి లాగితే లోపలి ద్రవం చల్లబడి, పీడనం పడిపోయి బండి ఆగుతుంది. అప్పుడు దానిని పడుకోబెట్టేవారున్నారు. అట్లా చేస్తే ద్రవమే దూకుతుంది. ఆపడానికి బండి ట్యాంకుకు ఉన్న కవాటాలేవీ దీనికి లేవు. ఇంటి సిలిండరు నుండి బండి ట్యాంకులోకి పట్టుకొనేవారు మరొక తప్పు చేస్తున్నారు. గాలిలో వదలే ప్రతి లీటరు ద్రవమూ 250 లీటర్ల వాయువని మరచిపోతున్నారు.

ఈ వాయువు గాలికంటె ఒకటిన్నర నుండి రెండు రెట్లు బరువు. పొగవలె పైకి పోదు. నీటివలె పల్లానికి పారుతుంది. కారిన చోట కాక, దూరాన ఉన్న నిప్పు దగ్గర అంటుకొంటుంది. 1997 సెప్టెంబరు 14 ఉదయం విశాఖపట్నం చమురుశుద్ధి కర్మాగారంలో కారిన ఎల్.పి.జి. ఇట్లాగే మేఘంవలె పరచుకొని, నిప్పు తగిలి పేలింది. యాభై మందికి పైగా మరణించారు. షెడ్డులో ఉన్న జీపు నుండి కారిన గ్యాసు మరమ్మత్తు గోతిలో చేరి రాత్రంతా ఉండగలదు. వాసన తగిలితే స్విచ్చి వేయకూడదు, తీయకూడదు, బండి ప్రారంభించకూడదు. తలుపులు తెరచి, ట్యాంకు కవాటం మూసి, గ్యాసు పల్లం నుండి చెదిరిపోయేవరకు దూరంగా ఉండవలె. గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారినట్లు తెలియడం కోసమే మెర్కాప్టాన్ అనే దుర్గంధ ద్రవ్యాన్ని కలుపుతారు.

లాభమా, నష్టమా?

లీటరుకు లీటరు పోల్చితే గ్యాసులో ఉన్న శక్తి పెట్రోలులో ఉన్నదానికి సుమారు నాలుగైదో వంతులు. పెట్రోలుతో 8 కిలోమీటర్లు పోయే జీపు గ్యాసుతో 6.4 కిలోమీటర్లు పోతుంది. కనుక గ్యాసు ధర పెట్రోలు ధరలో 80 వంతులకు దిగువన ఉంటేనే లాభం మొదలు. ఊహ కోసం పెట్రోలు 110 రూపాయలు, గ్యాసు 65 రూపాయలు అనుకొందాము. కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 13 రూపాయల 75 పైసలు, గ్యాసు ఖర్చు సుమారు 10 రూపాయల 15 పైసలు. మిగులు మూడున్నర రూపాయలపైన. మార్పిడికి 40,000 రూపాయలు అయితే అది తిరిగి రావడానికి 11,000 కిలోమీటర్లు నడవవలె. నెలకు రెండుసార్లు పొలానికి పోయే బండికి ఇది ఎన్నేళ్లకు తీరుతుందో పాఠకులే లెక్క వేసుకొనవచ్చు.

బంకు ఎంత దూరమన్నది కూడా ఈ లెక్కలో చేర్చవలె. దగ్గరి బంకు విజయవాడలోనే ఉన్నదనుకొంటే, జగ్గయ్యపేట నుండి పోయి రావడానికే ఇంచుమించు నూటయాభై కిలోమీటర్లు. నిండు ట్యాంకులో సగం దారికే సరి.

ఇక ఆమోదం పొందిన కిట్టునే, ఆ బండి రకానికి అనుమతి ఉన్నదో లేదో చూసుకొని, అధికారం గల షాపులో బిగించుకోవలె. మార్పు చేసిన 14 రోజుల లోపల రవాణాశాఖవారికి తెలిపి రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించవలె. భీమా కంపెనీకీ చెప్పవలె. నందిగామ, జగ్గయ్యపేటలు 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుండి ఎన్.టి.ఆర్. జిల్లాకు మారాయి గనుక, పాత పుస్తకాలు ఉన్నవారు ఏ కార్యాలయానికి పోవలెనో ముందుగా విచారించుకోవడం మేలు. ట్యాంకును ఐదేళ్లకొకసారి పరీక్ష చేయించడం మరువరాదు.

మా బంధువుల జీపుకు రెడ్యూసరును విప్పి జానెడు కిందికి దించారు. గొట్టంలోని గాలి తీసివేశారు. అయిన ఖర్చు రెండు రబ్బరు గొట్టాలు, ఒక పూట కూలి. ఆ మరుసటి ఎండాకాలం అది మధ్యాహ్నాలలో కూడా ఆగకుండా తిరిగింది. డ్రైవరు రోజూ ఉదయం రేడియేటరు మూత తీసి నీరు చూసి, తరువాత రెడ్యూసరు మీద చెయ్యి పెట్టి చూస్తాడు. వెచ్చగా తగిలితేనే మీట గ్యాసు వైపు తిప్పుతాడు. గుప్తోష్ణమనే మాట అతను ఎప్పుడూ విని ఉండకపోవచ్చు. దాని లెక్క మాత్రం అతని అరచేతికి తెలుసు.